గోదావరి గట్టున దామెర్ల: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

గత సంచికలో రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావును ప్రకృతి చిత్రకారుడిగా పేర్కొంటూ ఒక చిన్న పరిచయం ప్రచురించి, పాఠకుల నుంచి ప్రశ్నలను ఆహ్వానించాము. వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ శీర్షికలో సమాధానమిస్తున్నాము. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపి ఒకటిగా తీసుకున్నాము.

ప్రశ్న: దామెర్లను మీరు ప్రకృతి చిత్రకారుడన్నారు. నేను పుస్తకాల్లో చూసిన ఆయన బొమ్మలు మాత్రం పురాణ కథలవీ, స్త్రీమూర్తులవీ. కొండలూ నదులూ గీసినవారినే కదా ఆ మాటతో పిలవాలి? మీ అభిప్రాయాన్ని వివరించగలరు. (ఒక ఉపాధ్యాయుడు, కాకినాడ)

సమాధానం: మీ సందేహం న్యాయమైనది. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేవి 'ఋష్యశృంగ బంధనం', 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకారం', 'నందిపూజ' వంటి చిత్రాలే. కానీ ఆ చిత్రాల వెనక ఉన్న మనిషి ఎక్కడ పుట్టాడో, ఏం చూస్తూ పెరిగాడో చెప్పుకుంటే మా మాటకు ఆధారం దొరుకుతుంది.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. గోదావరి మీద హేవలాక్ వంతెన పని మొదలైంది ఆ సంవత్సరమే, పూర్తయింది 1900లో. అంటే ఆయనకు ఊహ తెలిసేనాటికే ఆ నది మీద రైలు పోతోంది. దిగువన ధవళేశ్వరంలో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట అప్పటికి దాదాపు యాభై ఏళ్ల పాతది. ఆనకట్ట నీటిని ఆపడంవల్ల రాజమండ్రి దగ్గర గోదావరి వేసవిలో కూడా చెరువులా నిండుగా, నెమ్మదిగా కనిపిస్తుంది. ఎగువకు పాపికొండల వైపు వెళితే అదే నది కొండల నడుమ ఇరుక్కుని, లోతుగా, నల్లగా మారిపోతుంది. కిలోమీటర్ల వెడల్పున్న నీటినీ, కొండల మధ్య నలిగిన నీటినీ రెంటినీ పడవ ప్రయాణం దూరంలో చూడగలిగే ఊరు అది. ఆయన గీసిన ప్రకృతి దృశ్యాలలో తూర్పు కనుమల నడుమ పారే గోదావరి ముఖ్యమైనది. అప్పటి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ కొనుక్కున్నది అటువంటి గోదావరి దృశ్యాన్నే.

ఇక పురాణ చిత్రాల సంగతి. 'ఋష్యశృంగ బంధనం' కథ మనకు రామాయణంలో ఉంది. విభాండకుడి కొడుకు అడవిలోనే పుట్టి, ఆడదన్నది ఎలా ఉంటుందో ఎరగకుండా పెరిగాడు. అంగదేశంలో వానలు లేక కరవు వస్తే, అతడు అడుగుపెడితే వాన కురుస్తుందని తెలుసుకున్న రాజు రోమపాదుడు అతణ్ణి తెమ్మని వేశ్యలను పంపాడు. ఈ కథలో అడవి లేకపోతే కథే లేదు, వాన లేకపోతే ముగింపు లేదు. ఒక నదీతీర చిత్రకారుడు వేల పురాణ కథలలోంచి దీన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికమని మేము అనుకోము. కలకత్తాలో జరిగిన ప్రాచ్య కళా ప్రదర్శనలో ఈ చిత్రానికి వైస్రాయ్ బహుమతి లభించింది. మిగిలిన పేర్లు కూడా ఒకసారి తలుచుకోండి. పూలతో చేసే అలంకారం, ఎద్దుకు చేసే పూజ, 'కార్తీక పూర్ణిమ'. కార్తీక పూర్ణిమ అంటే గోదావరి జిల్లాల వారికి అరటి దొప్పలో దీపం పెట్టి నీటిలో వదిలే రోజు. ఆయన మనుషులు ఋతువుకూ, నీటికీ, చెట్టుకూ, పశువుకూ దూరంగా ఎప్పుడూ బతకలేదు. ప్రకృతి చిత్రకారుడన్న మాటను మేము ఆ అర్థంలోనే వాడాము. కొండను మాత్రమే గీసినవాడికి ఆ పేరు ఇచ్చి, కొండ కింద బతుకుతున్న మనిషిని కొండతో కలిపి చూసినవాడికి ఇవ్వకపోవడం మాకు సబబుగా తోచదు.

ప్రశ్న: కూల్డ్రే అనే ఆంగ్లేయుడు లేకపోతే దామెర్ల లేడని అంటారు. ఒక తెల్లదొర మనవాడికి భారతీయ కళ నేర్పడం ఏమిటన్నది నాకు అర్థం కాలేదు. (ఒక డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం)

సమాధానం: ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన స్వయంగా కవి, నీటిరంగుల చిత్రకారుడు. ఉద్యోగరీత్యా వచ్చినవాడే అయినా ఈ ఊరిని నిజంగా ప్రేమించాడు. వినికిడి దెబ్బతిని స్వదేశానికి వెళ్లిపోయిన తరువాత కూడా ఇక్కడి జ్ఞాపకాలను పుస్తకంగా రాసుకున్నాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన చేరదీసిన పిల్లలే. ఒకరు చిత్రకారుడు, ఒకరు చిత్రకారుడూ నవలాకారుడూ, ఒకరు కవి. ఒకే గురువు చుట్టూ ఇన్ని రకాల ప్రతిభలు చేరడం మన సాహిత్య, కళా చరిత్రలో తరచుగా కనిపించే సంగతి కాదు.

మీ ప్రశ్నలోని అసలు ముడి 'నేర్పడం' అన్న మాటలో ఉంది. కూల్డ్రే భారతీయ కళను నేర్పలేదు, దాన్ని చూడమన్నాడు. అజంతా గుహలకు వెళ్లి కళ్లారా చూడాలన్న కోరికను శిష్యులలో కలిగించాడు, కళ్లముందున్న గోదావరిని గీయడానికి తగిన వస్తువుగా వారికి చూపించాడు. ఆ రోజుల్లో చదువుకున్న తెలుగు యువకుడికి కళ అంటే అచ్చయి వచ్చే దేవుళ్ల పటాలు, లేదా దొరల ఇళ్లలో వేలాడే తైలవర్ణాలు. రెంటిలోనూ తన ఊరి రేవు ఉండదు. నీ రేవు గీయదగినదే అని పరాయివాడు చెప్పవలసి రావడం మనకు బాధ కలిగించవచ్చు. అయినా చెప్పినవాడి మేలును మరిచిపోవడం ధర్మం కాదు. 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లడం వెనక ఉన్నది కూడా ఆయన ప్రోత్సాహమే. అప్పటికి రామారావుకు పందొమ్మిదేళ్లు.

ప్రశ్న: దామెర్లది బొంబాయి శైలా, బెంగాలు శైలా? ఒక్కొక్క వ్యాసంలో ఒక్కొక్క విధంగా ఉంది. (ఒక పాఠకురాలు, హైదరాబాదు)

సమాధానం: ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పినవారే ఆ గందరగోళానికి కారణం. కొంచెం వివరంగా చెప్పుకుందాం.

బొంబాయి జె.జె. స్కూలులో ఆ కాలంలో పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ ఇచ్చేవారు. ఎదుట ఉన్నదాన్ని కొలిచి గీయాలి. వెలుగునీడలు, దూరదగ్గరలు, శరీర నిర్మాణం సరిగా రావాలి. 1919 నుంచి అక్కడ గ్లాడ్‌స్టన్ సాలమన్ ఆధ్వర్యంలో మనిషి శరీరాన్ని ప్రత్యక్షంగా ఎదుట పెట్టుకుని గీసే తరగతులు మొదలయ్యాయి. రామారావు 1920 వరకు అక్కడే ఉన్నారు. ఆయన బొమ్మల్లోని మనుషుల కీళ్లు, మెడ వంపు, బరువు నేలమీద మోపిన పాదం ఇంత నమ్మకంగా కనిపించడానికి ఈ శిక్షణే కారణం.

బెంగాలు పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అబనీంద్రనాథ్ టాగూర్ 1903లో కలకత్తా వచ్చిన యొకొయామా తైకన్, హిషిదా షున్సో అనే జపాను చిత్రకారుల పనిని చూసి, దాని ప్రేరణతో తనదైన 'వాష్' పద్ధతిని రూపొందించుకున్నారు. కాగితం మీద పలుచని రంగు వేస్తారు, ఆరనిస్తారు, తరువాత ఆ కాగితాన్నే నీటిలో ముంచుతారు. కాగితం పీల్చుకున్న రంగు నిలుస్తుంది, మిగిలింది నీటిలో కలిసిపోతుంది. ఇలా పలుమార్లు చేస్తే బొమ్మ మొత్తం మీద మంచుతెర పరిచినట్లు ఒక మసక వస్తుంది. ఆ మసకలో దేశభక్తీ ఉంది, కలా ఉంది, దిగులూ ఉంది. మన తెలుగునాట ఈ సంప్రదాయానికి బందరు ఆంధ్ర జాతీయ కళాశాల నెలవైంది. అక్కడ ప్రమోద్ కుమార్ చటర్జీ నేర్పిన శిష్యులలో అడివి బాపిరాజు ఒకరు.

రామారావు బెంగాలు వారి భారతీయ దృష్టిని గౌరవించారు. పురాణ వస్తువును, అజంతా గీతను, నీటిరంగులను తీసుకున్నారు. ఆ మసకను మాత్రం తీసుకోలేదు. మాకు తోచిన కారణం గోదావరి వెలుగే. పుష్యమాఘాలలో తెల్లవారుజామున ఏటిమీద మంచు కమ్మే రెండు మూడు గంటలను పక్కన పెడితే, ఇక్కడి ఎండ దేన్నీ దాచదు. మధ్యాహ్నం ఇసుక తిన్నె అంచు కత్తితో కోసినట్లుంటుంది. పడవ తెరచాప నీడ నీటిలో ఎంతవరకు ఉందో అక్కడ ఆగిపోతుంది. ఈ వెలుగులో పెరిగిన కన్ను అంచులను చెరిపేయడానికి అంత తేలికగా ఒప్పుకోదు. అందుకే ఆయన చిత్రాల్లో గీత స్పష్టంగా ఉంటుంది, రంగు ఆ గీత లోపల పారదర్శకంగా నిలుస్తుంది. బొంబాయి చెయ్యి, అజంతా గీత, గోదావరి వెలుగు కలిసినదాన్నే తరువాతివారు ఆంధ్ర శైలి అన్నారు. ఆ పేరు నిలవడానికి తగినంత కాలం ఆయనకు దక్కలేదు. ఆ పేరుకు తగిన పనిని మాత్రం ఆయన చేసి వెళ్లారు.

ప్రశ్న: మా ఇంట్లో పెట్టుకుందామని దామెర్ల చిత్రం అచ్చుప్రతి ఒకటి తెప్పించుకున్నాను. రంగులు వెలిసిపోయినట్లు, పసుపు తిరిగినట్లు ఉన్నాయి. అసలు చిత్రం కూడా ఇలాగే ఉంటుందా? (ఒక పాఠకుడు, డాలస్, అమెరికా)

సమాధానం: అసలు చిత్రం మీ అచ్చుప్రతిలా ఉండదు. అయితే వేసిన రోజున ఉన్నట్లూ ఉండదు. నీటిరంగుల స్వభావం తెలిస్తే ఈ రెండు మాటలూ అర్థమవుతాయి. పారదర్శకమైన నీటిరంగుల్లో తెలుపు అనేది సాధారణంగా రంగుగా వేయరు. కాగితాన్ని అలాగే వదిలేస్తారు. స్త్రీ చీర మడత మీద మెరుపు, నీటి మీద తళుకు, మల్లెపూవు, ఇవన్నీ కుంచె తాకని కాగితమే. వందేళ్లలో కాగితం లేత పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పుడు చిత్రంలోని తెలుపులన్నీ ఒకేసారి మీగడ రంగుకు మారిపోతాయి, వాటి పక్కన ఉన్న నీలాలు ఆకుపచ్చ వైపు, ఎరుపులు ఇటుక వైపు జరిగినట్లు కనిపిస్తాయి. దీనికి తోడు కొన్ని ఎరుపు, గులాబి రంగులు వెలుతురుకు త్వరగా వెలుస్తాయి. మట్టి నుంచి తీసిన కావి, గోపీచందనం వంటి రంగులు మాత్రం గట్టిగా నిలుస్తాయి. వెలిసిన చిత్రాన్ని ఎవరో ఫోటో తీసి, ఆ ఫోటో నుంచి అచ్చు వేసి, ఆ అచ్చును మళ్లీ స్కాన్ చేసి అమ్మితే మీ గోడ మీదికి వచ్చేది మూడో చేతి రంగు.

మీరు ఇండియా వచ్చినప్పుడు రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు స్మారక చిత్రకళా మందిరానికి తప్పక వెళ్లమని మా కోరిక. ఈ శీర్షిక రాస్తున్న వ్యక్తి మొదటిసారి వెళ్లినప్పుడు చేసిన తప్పు మీరు చేయవద్దు. గుమ్మం దాటగానే పేరున్న చిత్రం ఎక్కడుందని వెతుకుతూ చకచకా నడిచి, అరగంటలో బయటికి వచ్చేశాను. రెండోసారి వెళ్లినప్పుడు ఒకే చిత్రం ముందు నిలబడి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా ఒక చేతి వేళ్ల అంచులను చూశాను. ఒక్క గీత మణికట్టు దగ్గర సన్నగా మొదలై, చిటికెన వేలి వంపులో లావై, గోరు దగ్గర మళ్లీ సన్నబడి ముగిసింది. మధ్యలో కుంచె ఎత్తిన జాడ లేదు. అచ్చులో ఆ గీత ఒకే మందంతో వస్తుంది. రంగు వెలిసినా గీత వెలవదు కాబట్టి, ఆయన్ని కలుసుకోవాలనుకునేవారు గీత దగ్గరికి వెళ్లాలి. మీ అచ్చుప్రతిని నేరుగా ఎండ పడే గోడకు మాత్రం పెట్టకండి.

ప్రశ్న: రామారావుగారి భార్య, చెల్లెలు కూడా చిత్రకారిణులే అని మా అమ్మమ్మ అనేవారు. నిజమేనా? నిజమైతే వారి పేర్లు మాకు ఎందుకు తెలియవు? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: మీ అమ్మమ్మగారు సరిగానే చెప్పారు. రామారావుగారి భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రాలు వేశారు. బొంబాయి నుంచి తిరిగి వచ్చిన రామారావు రాజమండ్రిలో భారతీయ చిత్రకళ కోసం ఒక సంఘాన్ని, చిత్రకళాశాలను నెలకొల్పారు. ఇంట్లోని ఆడవారి చేతికి కుంచె అందించి, వారిని తోటి కళాకారులుగా చూసిన వ్యక్తి ఆయన. 1920ల నాటి తెలుగు మధ్యతరగతి కుటుంబంలో ఇది చిన్న విషయం కాదు. పెళ్లిచూపుల్లో ఆడపిల్లకు సంగీతం వచ్చా అని అడిగేవారు కానీ, నీటిరంగులు వచ్చా అని ఎవరూ అడగని కాలమది.

ఇక వారి పేర్లు తెలియకపోవడానికి కారణం చెప్పుకోవాలంటే రామారావుగారి మరణం దగ్గరికి వెళ్లాలి. 1925 ఫిబ్రవరి 6న ఆయన మశూచితో కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా నెల రోజులు ఉంది. బొంబాయి చదువు ముగించుకుని వచ్చాక ఆయనకు దక్కినవి అయిదేళ్లు. ఆ తరువాత కళాశాలను నిలబెట్టే భారం మిత్రుడు వరదా వెంకటరత్నంగారి మీద పడింది. తన సొంత చిత్రకారుడి జీవితాన్ని వెనక్కి నెట్టి, స్నేహితుడి చిత్రాలను చెదలూ చెమ్మా తాకకుండా కాపాడి, వాటికి ఒక ఇల్లు ఏర్పరచడానికి ఆయన ఏళ్ల తరబడి శ్రమించారు. ఈనాడు మనం దామెర్ల చిత్రాలను ఒకచోట చూడగలుగుతున్నామంటే ఆ పుణ్యం వెంకటరత్నంగారిది. పోయినవాడి పనిని కాపాడటానికే అందరి శక్తీ ఖర్చైపోయినప్పుడు, ఉన్నవారి పని వెలుగులోకి రాలేదు. ఇది ఎవరో కావాలని చేసిన అన్యాయం అనలేము, కానీ అన్యాయం కాదని కూడా అనలేము. సత్యవాణిగారి చిత్రాల మీద, బుచ్చికృష్ణమ్మగారి చిత్రాల మీద విడిగా ఒక్కొక్క పుస్తకం రావలసి ఉంది. కళాచరిత్ర చదువుతున్న అమ్మాయిలెవరైనా ఈ పనికి పూనుకుంటే ఎంతో సంతోషిస్తాము.

ప్రశ్న: తెలంగాణ ప్రకృతిని ఇలా ప్రేమగా చిత్రించినవారు లేరా? (ఒక పాఠకుడు, మహబూబాబాద్)

సమాధానం: మీ ప్రాంతంవారే ఉన్నారు. కొండపల్లి శేషగిరిరావు 1924లో ఓరుగల్లు సీమలోని పెనుగొండలో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు, హైదరాబాదు లలితకళల కళాశాలలో బోధించారు, 2012లో మరణించారు. రామారావుకు గోదావరి ఎలాగో ఆయనకు దక్కను బండరాళ్లు అలాగ. ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు నిలిచిన ఆ రాళ్లను ఆయన జీవమున్న వాటిలా గీశారు. ఆ రాళ్లు పగిలి, అపార్ట్‌మెంట్లకు కంకరగా మారుతున్న ఈ రోజుల్లో ఆ చిత్రాలు చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఆయన గురించి వేరుగా రాయవలసినంత ఉంది కాబట్టి ఇక్కడ ఇంతటితో ఆపుతున్నాము.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. బొమ్మలంటే ప్రాణం. మాది ఏటిగట్టు ఊరు. దామెర్లవారి పద్ధతిలో గోదావరిని గీయడం ఎలా మొదలుపెట్టాలో చెప్పగలరా? ఎప్పుడూ నీళ్లకు నీలిరంగు వేస్తుంది, కొండకు ఆకుపచ్చ వేస్తుంది. (ఒక తండ్రి, అమలాపురం)

సమాధానం: ఆ నీలం, ఆకుపచ్చ పాప తప్పు కాదు. మనం ఇచ్చిన బొమ్మల పుస్తకాల్లో నది నీలంగా ఉంటుంది. పాపను ఏటి దగ్గరికి తీసుకువెళ్లి, నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసి చెప్పమనండి. చెప్పడమే చాలు, గీయనక్కరలేదు. శ్రావణ భాద్రపదాలలో అయితే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చిన బురదతో గోదావరి చిక్కటి టీ రంగులో ఉంటుంది. కార్తీకానికి తేరుకుని ఆకుపచ్చ కలిసిన బూడిద రంగుకు వస్తుంది. వేసవి మధ్యాహ్నం ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది కాబట్టి, నీటికి సొంత రంగంటూ కనిపించదు. ఇది పాప తనంతట తాను కనిపెట్టాలి. మీరు ముందుగా చెప్పవద్దు.

తరువాతి పని ఒకే రేవుకు మళ్లీ మళ్లీ వెళ్లడం. కొత్త చోటుకు వెళ్లినప్పుడు పిల్లలు అన్నీ గీయాలనుకుంటారు, అందుకే ఏదీ చూడరు. ఒకే రేవు, ఒకే రావిచెట్టు, కట్టేసిన ఒకే పడవ అయితే పదోసారి వెళ్లేసరికి చూడటానికి ఇంకేమీ మిగలక, అసలైనది కనిపించడం మొదలవుతుంది. పడవ ముక్కు నీటిలో ఎంత లోతు మునిగిందో, బట్టలుతికే మనిషి నడుము ఎక్కడ వంగిందో అప్పుడు తెలుస్తుంది. మంచి చిత్రానికి ముందు ఇటువంటి చిత్తు బొమ్మలు ఎన్నో ఉంటాయి. పెన్సిలుతో గీసినదాన్ని రబ్బరుతో చెరపనివ్వకండి. తప్పు గీత పక్కనే సరైన గీత గీయమనండి. రెండూ కాగితం మీద ఉంటే చెయ్యి ఎక్కడ దారి తప్పిందో పాపకే కనిపిస్తుంది.

రంగుల పెట్టె కొనాలనుకుంటే తెలుపు రంగు గొట్టాన్ని పక్కన పెట్టేయండి. తెల్లకొంగను గీయవలసి వచ్చినప్పుడు కాగితాన్ని వదిలిపెట్టి చుట్టూ నీటికి రంగు వేయాలని పాపకు చెప్పి, ఎలా వేస్తుందో చూడండి. మొదటి కొంగలు బాతుల్లా వస్తాయి. వాటిని పారేయకుండా వెనక తేదీ వేసి దాచి ఉంచండి, వచ్చే కార్తీకంలో మళ్లీ అదే రేవులో అదే కొంగను గీయించి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి పాపకే చూపించండి.